అరువు ఏడుపు

ఎస్తేరు రాణి ఏడ్చిందంటే ఫిలింనగర్‌లో ఎంతటివాడైనా చేతిలో పని ఆపి వినాల్సిందే. గొప్పకి చెప్పడం కాదు, ఆవిడ బతుకుదెరువే అది. తెర మీద ఏడ్చేవాళ్లు వేరు, ఆ ఏడుపుకి గొంతు ఇచ్చేవాళ్లు వేరు. హీరో తల్లి కొడుకు మీద పడి గుండెలు బాదుకుంటోందనుకోండి. ఆ నటీమణికి కన్నీళ్లు ధారగానే వస్తాయి, గొంతు మాత్రం ఒక్కోసారి తలుపు కిర్రుమన్నట్టు వస్తుంది. అప్పుడు రాణికి ఫోనొస్తుంది. "అక్కా, అర్జెంటుగా ఒక ఏడుపు కావాలి, ఎక్కడున్నావ్?"

ఎక్కడుంటుంది, రహమత్ నగర్‌లో తన రెండు గదుల ఇంట్లో చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఉంటుంది. ఆ గిన్నె పక్కన పెట్టి, చీర మార్చుకుని, ఆటో ఎక్కి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా ఫిలింనగర్ చేరుతుంది. డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు చెప్పులు విడిచి, కొంగు నడుముకి దోపి, "ఎవరు పోయారు నాయనా?" అని అడుగుతుంది. కొడుకా, మొగుడా, తండ్రా అన్నది తెలిస్తే చాలు. అప్పగింతల ఏడుపు ఒక రకం, ఆస్పత్రి వరండాలో ఏడుపు ఇంకో రకం, పిల్లలు లేస్తారని మింగేసే ఏడుపు మరో రకం. ఏది కావాలంటే అది తీసిస్తుంది. అయిపోగానే ముక్కు తుడుచుకుని, "టీ చెప్పించండమ్మా, అల్లం దండిగా వేయించండి" అంటుంది.

"ఇన్ని ఏడుపులు నీకెక్కడివక్కా?" అని విహారి ఆశ్చర్యపోతుంటాడు. విహారి ఆ థియేటర్లో రికార్డింగ్ ఇంజనీరు.

"దేవుడిచ్చాడు" అంటుంది రాణి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దేవుడు ఆవిడకిచ్చింది చెవి. ఏ చావుకెళ్లినా, ఏ ఆస్పత్రికెళ్లినా అక్కడ ఎవరెలా ఏడ్చారో ఆ చెవి పట్టేసుకుంటుంది. తెనాలి నుంచి పెళ్లై వచ్చిన కొత్తలో మొదలైంది ఈ అలవాటు. కావాలని చేసేది కాదు, పాపం. విన్నది లోపల పడుంటుంది, మైకు ముందు నిలబడగానే బయటికొస్తుంది. తమాషా ఏంటంటే సొంతానికి మాత్రం ఆవిడకి ఏడుపు రాదు. భర్త ఎలీషా, షూటింగుల్లో లైట్లు పట్టే మనిషి, గుండెపోటుతో పోయినప్పుడు ఒక్క చుక్క రాల్చలేదు. రాయిలా కూర్చుంది. "ఉన్నదంతా సినిమాలకి ఇచ్చేసింది, మొగుడికేం మిగల్చలేదు" అని ఎవరో అన్నారు కూడా. ఆ మాటన్నావిడ మీదికి చెయ్యెత్తుకుని వెళ్లింది మంజులత ఒక్కతే. "ఏడుపు రాకుంటే బాధ లేనట్టా? నడువు ఈడికెల్లి!" అని తరిమేసింది.

మంజులత ఆ పక్క సందులో జాకెట్లు కుడుతుంది. పుట్టి పెరిగింది ఆ బస్తీలోనే. తల్లిదండ్రులు లేకపోతే తమ్ముడు చిన్నోణ్ని తనే పెంచింది, వాడికి కుదిరిన సంబంధం మాట్లాడి వచ్చిన వారానికే బండి ప్రమాదంలో పోయాడు. ఆ రోజంతా మంజూని గుండెకి హత్తుకుని కూర్చున్నది రాణి. అలా ఒకరి చావుకొకరు తోడున్న మనుషులు. ఇద్దరూ సందు చివర రేకుల షెడ్డు ప్రార్థనా మందిరంలో చాప మీద పక్కపక్కనే కూర్చుంటారు. పాటలో పైగొంతు రాణిది, కిందగొంతు మంజూది.

ఆ మందిరంలో ఒక పద్ధతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పాస్టరు కృపావరం అయ్యగారు పక్కకి జరిగి నిలబడతారు. "ఎవరితో మనస్పర్థ ఉందో లేచి వాళ్ల దగ్గరికెళ్లండి. క్షమాపణ అడిగి, వందనాలు చెప్పి, అప్పుడు బల్ల దగ్గరికి రండి" అంటారు. అందరూ లేస్తారు. లేచి ఏం చేస్తారు? ఎవరితో నిజంగా గొడవుందో వాళ్లని తప్పించుకుని, ఏ గొడవా లేనివాళ్ల దగ్గరికి వెళ్లి, "ఏమైనా తప్పుంటే క్షమించండి, వందనాలండీ" అంటారు! రాణీ మంజూ కూడా అంతే. నెలనెలా ఏ తప్పూ లేకుండానే ఒకరినొకరు హాయిగా క్షమించేసుకునేవాళ్లు. అయ్యగారికి ఇదంతా తెలుసు, తెలిసీ నవ్వుకునేవారు.

ఇంతలో ఎలక్షన్లొచ్చి పడ్డాయి.

బస్తీలో గొడుగు పార్టీ ఒకటి, నిచ్చెన పార్టీ ఒకటి. తేదీ ఇంకా ప్రకటించకముందే గొడుగు పార్టీవాళ్లు మందిరానికి నీలం ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి దించారు. అది విని నిచ్చెన పార్టీవాళ్లు ఎర్ర కుర్చీలు దించారు. వద్దంటే ఇద్దరికీ కోపం. అయ్యగారు రెండూ పుచ్చుకుని, ఇద్దరికీ ప్రార్థన చేసి పంపించారు. చాపలు చుట్టి మూలకి పెట్టేశారు. అక్కడే వచ్చింది తంటా. రెండో ఆదివారానికల్లా గొడుగువాళ్లందరూ నీలం కుర్చీల్లో ఎడమపక్కకి, నిచ్చెనవాళ్లందరూ ఎర్ర కుర్చీల్లో కుడిపక్కకి సర్దుకుపోయారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అయ్యగారు బైబిలు వాక్యం చెబుతూ కాస్త ఎడమకి చూస్తే కుడివాళ్లు మొహం ముడుచుకునేవాళ్లు, కుడికి చూస్తే ఎడమవాళ్లు దగ్గేవాళ్లు. చివరికి పాపం ఆయన ఎదురుగోడ మీది గడియారానికి వాక్యం చెప్పడం మొదలుపెట్టారు.

రాణి గొడుగు. ఎలీషా బతికున్నప్పటినుంచీ ఆ ఇంట్లో గొడుగే. మంజులత నిచ్చెన, అదీ మామూలు నిచ్చెన కాదు, ఆడవాళ్లని వెంటేసుకుని గడపగడపకీ తిరిగే నిచ్చెన.

"ఎండలకు గొడుగుతోని ఏం అక్కరక్కా? నిచ్చెన ఎక్కు, మీదికి పోదువు" అనేది మంజు.

"ఎక్కినవాళ్లందరూ కిందపడి నడుములు విరగ్గొట్టుకుంటున్నారుటగా!" అనేది రాణి.

ఇలా పరాచికాలాడుకుంటూనే గడిపేసేవాళ్లు. మిగతా మందిరం ఎలా ఉన్నా వాళ్లిద్దరి మధ్యా ఏ పార్టీ దూరలేదు. ఆ ఆటో తిరిగేదాకా.

ఆ రోజు పొద్దున రాణి దోసెలు పోసుకుంటోంది. బయట గొడుగు పార్టీ ప్రచారం ఆటో వచ్చింది. మైకులోంచి ఒక్కసారిగా ఒక ఆడమనిషి ఏడుపు. ఊపిరి మూడుసార్లు లోపలికి లాగి, నాభిలోంచి ఎగసి, సగంలో ఠక్కున తెగిపోయే ఏడుపు. తర్వాత మాటలు: "నమ్మి ఓటేస్తే నట్టేట ముంచారు కదరా నాయనా!" ఆ వెంటనే మగగొంతు గంభీరంగా, "ఈ తల్లి కన్నీళ్లకు కారణం నిచ్చెన గుర్తువాళ్లు కాదా?" అని అడిగింది.

అట్లకాడ పట్టుకునే వీధిలోకొచ్చింది రాణి. అది తన గొంతే! నిరుడు ఏదో రాజకీయాల సినిమాకి ఇచ్చిన ఏడుపూ, మాటలూ. ఆ సినిమా సగంలో ఆగిపోయింది, దాని సంగతే మర్చిపోయింది. ఎవరిచ్చారు, ఎలా వెళ్లింది అని అడగాల్సింది. కానీ అప్పటికే ఎదురింటి సత్యలక్ష్మి పరుగున వచ్చేసింది. సత్యలక్ష్మి మందిరంలో నీలం కుర్చీల మొదటి వరస మనిషి. "నువ్వే కదొదినా! ఏం ఏడ్చావు! మా ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు!" అంది. దాంతో రాణి అడగాల్సింది మింగేసి నవ్వేసింది. సాయంత్రం జూబ్లీహిల్స్ నుంచి గొడుగు పార్టీ పెద్దమనిషి కాశీవిశ్వనాథం గారు స్వయంగా వచ్చి, వీధి మీటింగులో స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. ముప్పై ఏళ్లుగా ఏడుస్తుంటే పేరు తెర మీద ఒక్కసారి పడలేదు. ఇప్పుడు మైకులో "మన ఎస్తేరు రాణి గారు!" అంటుంటే ఒళ్లు పులకరించిపోయింది. పులకరించదూ మరి?

ఆ ఆదివారం మందిరం గుమ్మంలో మంజు ఎదురైంది. "వందనాలే మంజూ!" అంది రాణి. మంజు చెప్పులు విడిచి, మొహం తిప్పుకుని, ఎర్ర కుర్చీల వైపు వెళ్లిపోయింది. వందనాలు చెబితే పగవాడైనా తిరిగి చెబుతాడు. అలాంటిది మంజు చెప్పలేదు.

"ఓహో, శాలువా చూసి కుళ్లు" అనుకుంది రాణి. ఆ తర్వాత రోజులన్నీ అదే అనుకుంది. అనుకుందేగానీ ఇంట్లో ఉండబుద్ధికాలేదు, కూర చేస్తే ఉప్పు ఎక్కువయ్యేది. బల్ల ఆదివారం దగ్గరకొస్తోంది. తప్పులేని క్షమాపణలు ఎన్నో చెప్పుకున్నారు, ఇప్పుడు నిజంగా గొడవొచ్చింది. మంజు మీద కోపం పెట్టుకుని ఆ రొట్టె ఎలా ముట్టుకోవాలో రాణికి తోచలేదు. ముట్టుకోకుండా ఎలా ఉండాలో అంతకన్నా తోచలేదు. చివరికి శుక్రవారం పొద్దున రొయ్యల పచ్చడి సీసా పట్టుకుని బయల్దేరింది. రాణి పెట్టే రొయ్యల పచ్చడంటే మంజు ప్రాణం పెడుతుంది.

మంజు మిషను తొక్కుతోంది, ఆపలేదు. "ఆడ పెట్టి పో అక్కా. నాకు పనున్నది."

"ఏంటే ఈ కోపం? ఎలక్షన్లు ఇవాళుంటాయి, రేపు పోతాయి. మా బండి మా మాట చెప్పదా? మీ బండి మావాళ్లని తిట్టట్లేదా?"

మిషను ఆగింది. "ఇన్ని రోజుల సంది పార్టీ లొల్లి అనుకుంటున్నవా నువ్వు?"

"కాకపోతే మరేంటి?"

"గా ఆటోల ఏడుపు ఎవరిదో చెప్పు."

"నాదే కదే!"

"మాటలు నీయి అక్కా. ఏడుపు నాది." మంజు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఊపిరి మూడుమాట్ల లోపలికి గుంజి, సగంల తెగిపోతది చూడు. మా చిన్నోన్ని దవాఖానల బట్ట కప్పి బయటికి తెచ్చిన్నాడు నేను ఏడ్సిన ఏడుపు. నువ్వు నన్ను పట్టుకునే ఉన్నవ్. నీ కొంగు నా నోట్లె ఉన్నది."

రాణి చెయ్యి తన కొంగు మీదికి వెళ్లింది.

"సినిమాల పెట్టుకుంటే పెట్టుకో, నాకు ఫికర్ లేదు. ఎవలో తల్లి, ఎవలో కొడుకు అనుకుంటరు. కానీ గల్లీల తిప్పుతున్నరక్కా. పాలకు పోతే అదే, నీళ్లు పట్టుకుంటుంటే అదే. దినాం పొద్దుగాల నా తమ్ముడు నా ముందట్నే మళ్ల సచ్చిపోతున్నడు. నువ్వేమో శాలువ కప్పుకుని నవ్వుతున్నవ్."

రాణి చెవిలో ఆ ఏడుపు మళ్లీ మోగింది. అవును. ఆ మూడు ఊపిర్లు, ఆ తెగిపోవడం, అంతా మంజూదే. తనకెక్కడిదో తనకే తెలియకుండా మైకు ముందు తీసి ఇచ్చేసింది. అది తెలియక చేసిన పనే అనుకున్నా, శాలువా మాత్రం తెలిసే కప్పించుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది రాణి. ఏదో చెప్పబోయింది, మంజు మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. పచ్చడి సీసా గడప దగ్గర పెట్టేసి వచ్చేసింది.

ఇంటికెళ్లలేదు. అటు నుంచి అటే ఫిలింనగర్ వెళ్లింది.

"అక్కా, వాళ్లకి ఇచ్చింది నేనే" అని విహారి ఒప్పేసుకున్నాడు. "సినిమా ఆగిపోయింది కదా, ట్రాకు ఊరికే పడుందని ఇచ్చా. నీకు చెప్పాల్సింది. కానీ శాలువా కప్పించుకున్నావని విని, సంతోషంగానే ఉన్నావనుకున్నా."

"సంతోషంగానే ఉన్నాను నాయనా, అదే నా పాపం" అంది రాణి. వాణ్ని కూడా వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్‌లో కాశీవిశ్వనాథం గారింటికి వెళ్లింది. మధ్యలో ఇంటికెళ్లి శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆయన కాఫీ తాగుతున్నారు. విషయం విని కప్పు కింద పెట్టేశారు. "ఏంటమ్మా నువ్వనేది? అంత బాగా పనిచేస్తున్న ఏడుపుని ఆపెయ్యమంటావా? జనం ఆగి మరీ వింటున్నారు!"

"ఆ ఏడుపు నాది కాదండీ. ఇంకొకావిడది. తమ్ముడు పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు. అడక్కుండా నేను తీసుకున్నాను, మీకూ అది తప్పేనండీ."

"ఎవరావిడ?"

"మంజులతని, మా మందిరంలో మనిషండీ. నిచ్చెన పార్టీ తరఫున తిరుగుతోంది."

కాశీవిశ్వనాథం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అంటే ఇన్నాళ్లూ మా బండి మీద ఎక్కి ఏడుస్తున్నది నిచ్చెన పార్టీ మనిషా! శివశివా, ఎంత అపశకునం! విహారీ, ఇప్పుడే తీసేయించు, ఈ క్షణమే!"

శకునాల సంగతి రాణికి పట్టింపు లేదుగానీ, పని జరిగినందుకు మనసులోనే ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. శాలువా తీసి టీపాయి మీద పెట్టింది. ఆయనకి కోపమొచ్చింది. "ఇదేంటి? పార్టీ మారుతున్నావా?"

"అయ్యో, లేదండీ! నా ఓటు గొడుక్కే. ఎలీషా ఉన్నప్పుడూ గొడుక్కే, ఇప్పుడూ గొడుక్కే. కానీ వేరేవాళ్ల దుఃఖం మీద కప్పించుకున్న శాలువా ఒంటిమీద నిలవదండీ. కావాలంటే ఏడుపు బదులు నవ్వు ఇస్తాను, అది నా సొంతం."

నవ్వు బాగానే కుదిరింది. మర్నాటి నుంచి గొడుగు ఆటో రాణి పకపకా నవ్వుతుంటే వీధులు తిరిగింది. "గొడుగుండగా వానకి భయమేంటమ్మా, హహహా!" అని. పిల్లలు ఆటో వెనకాల పడి నవ్వారు. నీలం కుర్చీలవాళ్లకి మాత్రం ఒళ్లు మండింది. "బంగారంలాంటి ఏడుపు పోగొట్టింది. ఎదుటిపార్టీ మనిషి కోసం!" అని సత్యలక్ష్మి ఊరంతా చెప్పింది. రాణి నోరు విప్పలేదు. విప్పితే మంజు తమ్ముడి సంగతి మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుంది, ఆ మాటలు పడేదేదో తనే పడదామనుకుంది.

బల్ల ఆదివారం రానే వచ్చింది. రాణి తెల్లచీర కట్టుకుని వెళ్లేసరికి నీలం కుర్చీల మీద ఖాళీ ఉన్నచోటల్లా హ్యాండ్‌బ్యాగులు కూర్చుని ఉన్నాయి. ఎర్ర కుర్చీల వైపు వెళ్లడానికి తను ఆ పార్టీ కాదాయె. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత మూలకెళ్లి, దుమ్ము దులిపి, పాత చాప తెచ్చి రెండు రంగులకీ నడుమ దారిలో పరుచుకుని కూర్చుంది. అయ్యగారికి చాలా రోజులకి చూపు పెట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది. ఆ రోజు గడియారాన్ని వదిలేసి వాక్యం చెప్పారు.

"ఓటు ఎవరికేశావని ప్రభువు మనల్ని అడగడు" అన్నారు. "పక్కవాడు ఏడిస్తే నువ్వేం చేశావని అడుగుతాడు. శిష్యులమని చెప్పుకోవడానికి కుర్చీ రంగు చాలదు." రొట్టె మీద బట్ట తీయకుండానే పక్కకి జరిగారు. "ఎవరితో మనస్పర్థ ఉందో లేవండి."

అందరూ మామూలుగానే లేచారు. నీలంవాళ్లు నీలంవాళ్లకి, ఎరుపువాళ్లు ఎరుపువాళ్లకి క్షమాపణలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. రాణి లేచి ఎర్ర కుర్చీల మధ్యలోకి నడిచింది. మంజులత మూడో వరసలో తలొంచుకుని నిలబడి ఉంది.

రాత్రంతా రాణి మాటలు కూర్చుకుంది. 'మంజూ, నీ దుఃఖాన్ని అడక్కుండా తీసుకున్నాను, క్షమించు' అనాలి. ముప్పై ఏళ్లు మైకు ముందు నిలబడ్డ మనిషి, ఒక్క ముక్క చెప్పలేదూ? నోరు తెరిచింది. "మం..." అంది. అంతే. ఆ తర్వాత వచ్చింది మాట కాదు. "కీక్" మంది. మళ్లీ "కీక్, కీక్" మంది. గుడ్డు పెట్టిన పెట్ట అరిచినట్టు సన్నగా, ముక్కులోంచి, ఎక్కిళ్ల మధ్య ఏదో వస్తోంది. కన్నీళ్లు జలజలా రాలుతున్నాయి. మొహమంతా వంకరపోయింది. ఆపుదామంటే ఆగదు. మంజుకి చేసిన తప్పూ, రాయిలా కూర్చున్న రోజున ఎలీషా కోసం రాని ఏడుపూ, అన్నీ కలిసి ఒకేసారి తోసుకొచ్చాయి. ఫిలింనగర్‌ని ఏడిపించిన ఎస్తేరు రాణి, అంతమందిలో కీక్ కీక్ మంటూ నిలబడింది.

మంజు తలెత్తి చూసింది. విస్తుపోయింది. పెదవులు బిగపట్టింది, ఆగలేదు, ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"గిదా అక్కా నీ అసలు ఏడుపు? ఓ యమ్మ! గిన్నేండ్లు గిందుకేనా మంది ఏడుపు తెచ్చుకున్నవ్?"

"నవ్వకే" అంది రాణి ఎక్కిళ్ల మధ్య. "క్షమించు. నిజంగా తప్పు చేశాను, ఈసారి ఉత్తుత్తిది కాదు. క్షమించవే."

మంజు కొంగుతో రాణి మొహం, ముక్కూ గట్టిగా తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టు. "నీ నవ్వు ఆటోల ఇన్న నిన్న. అప్పుడే కోపం సగం పోయింది. మిగిలిన సగం నీ నోట వినాలని ఆగిన." చెయ్యి పట్టుకుంది. "వందనాలక్కా."

"వందనాలే."

ఇద్దరూ వచ్చి చాప మీద కూర్చున్నారు. నీలం కుర్చీల్లో సత్యలక్ష్మి కాసేపు అటూ ఇటూ చూసింది, కుడివైపు కూర్చున్న తన ఆడపడుచు వైపు చూసింది. గొడుగు, నిచ్చెన వచ్చాక ఆవిడతో మాటల్లేవు. చివరికి హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని, గొణుక్కుంటూ అటు లేచింది. ఇంకెవరు లేచారో రాణి చూడలేదు. అయ్యగారు రొట్టె మీద బట్ట తీశారు. పాట ఎత్తుకోమని చాప వైపు చూశారు.

రాణి గొంతు ఇంకా కీక్ మంటోంది, పైగొంతు అందలేదు. మంజు మోచేత్తో పొడిచి, తనే పైగొంతు అందుకుంది. పాట మధ్యలో చెవి దగ్గరికి వంగి, "ఈ ఏడుపు మాత్రం ఎవలకి ఇయ్యకక్కా" అంది.

"ఇస్తానన్నా ఎవరు కొంటారే!" అని రాణి ముక్కు ఎగబీల్చి కిందగొంతు అందుకుంది.